సూర్యుణ్ని చూస్తూ గుండ్రబడిన రాళ్లు: లకోటాల నమ్మకంలో శిల

తెలుగులో రాయి అంటే మనసు లేనిది. జాలి లేనివాడిది రాతి గుండె. పలకరించినా పలకనివాడు రాయిలా కూర్చున్నట్టు. ఈ నుడికారంతో పెరిగిన మనం లకోటాల నమ్మకాల్లోకి వెళ్తే మొదటి అడుగులోనే తడబడతాం. అక్కడ రాయి వింటుంది. కబురు మోసుకొస్తుంది. పోయిన వస్తువు ఎక్కడుందో చూసొచ్చి చెబుతుంది. నీళ్లు పోస్తే ఊపిరి వదులుతుంది. దాన్ని "తాతా" అని పిలుస్తారు.

లకోటాలు అమెరికా నడిమధ్య గడ్డి మైదానాల ఆదివాసులు. బయటివాళ్లు "సూ" అని పేరుపెట్టిన పెద్ద సమూహంలో పడమటి శాఖ వీళ్లది. ఒగ్లాలా, సిచాంగు, హుంక్‌పాపా లాంటి ఏడు తెగలున్నాయి. ఇప్పుడు ఎక్కువమంది దక్షిణ డకోటా, ఉత్తర డకోటా రాష్ట్రాల్లోని పైన్ రిడ్జ్, రోజ్‌బడ్, షయాన్ రివర్, స్టాండింగ్ రాక్ రిజర్వేషన్లలో, అంటే ఆదివాసులకు విడిగా కేటాయించిన ప్రాంతాల్లో, ఉంటారు. అమెరికా సైన్యంతో పోరాడిన సిట్టింగ్ బుల్, క్రేజీ హార్స్ పేర్లు విన్నవాళ్లకు వీళ్లు కొత్తేం కాదు.

నెట్‌లో వెతికితే ఈ విషయం మీద ఒకే మాట పదేపదే కనిపిస్తుంది: "లకోటాలకు రాయే సృష్టికర్త, దాని పేరు ఇన్యాన్." అబద్ధం కాదు. కానీ మూడు వేరువేరు సంగతులు అందులో ఒక ముడిగా పడిపోయాయి. కలలో కనిపించి ఒక మనిషికి తోడుండే చిన్న గుండ్రాయి ఒకటి. నిప్పులో కాలి, ఆవిరి పుట్టించే తాత ఇంకొకటి. సృష్టికి మొదట ఉన్న ఇన్యాన్ మూడోది. ఎక్కువ ప్రచారం మూడోదానికి వచ్చింది. నాకు మాత్రం మొదటి రెండూ తెలిశాకే మూడోది అర్థమైంది. అందుకే ఆ వరసలోనే చెబుతాను.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. "వకాన్" అన్న లకోటా మాటను పవిత్రం అని అనువదిస్తుంటారు. మడి, మైల లాంటి అర్థమేమీ దానికి లేదు. మనిషి బుద్ధికి అందనిది, లోపల ఏదో శక్తి ఉన్నది వకాన్. "వకాన్ తాంకా" అంటే ఆ అంతుపట్టనితనం పెద్దది కావడం. మిషనరీలు దాన్ని దేవుడు అనేశారు, ఒక్కడన్నట్టుగా. పాత తరం ఒగ్లాలా పెద్దలు చెప్పిన లెక్క వేరు: నాలుగు నాలుగుల పదహారు శక్తులు కలిస్తే వకాన్ తాంకా. సూర్యుడు, ఆకాశం, భూమితో పాటు రాయి కూడా అందులో పెద్ద నాలుగింటిలో ఒకటి.

ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ అనే సంగీత పరిశోధకురాలు 1911-14 మధ్య స్టాండింగ్ రాక్‌లో ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల పాటల్ని మైనపు సిలిండర్ల మీద రికార్డు చేసింది. అదంతా 1918లో అచ్చయింది. పాటలు పాడినవాళ్లలో బ్రేవ్ బఫెలో అనే వైద్యుడు, అంటే ఆత్మల సాయంతో, తంతులతో రోగం నయం చేసేవాడు, ఉన్నాడు. రాళ్ల గురించి ఆయన చెప్పిన సంగతి ఇది.

పదేళ్ల వయసులో ఆయన నేలను, నదుల్ని, ఆకాశాన్ని, జంతువుల్ని చూసి ఇదంతా ఎవరు చేశారన్న ఆలోచనలో పడ్డాడు. చెట్లనూ పొదలనూ అడిగాడు. పూలు తనవైపే చూస్తున్నట్టనిపించి వాటినీ అడగాలనుకున్నాడు. నాచు పట్టిన రాళ్లలో కొన్నింటికి మనిషి ముఖం పోలికలు కనిపించాయి, అవీ జవాబివ్వలేదు. తర్వాత ఒక కల వచ్చింది. అందులో చిన్న గుండ్రాయి ఒకటి కనిపించి, అన్నింటినీ చేసింది వకాన్ తాంకా అనీ, ఆయన చేసినవాటిని గౌరవించడమే ఆయన్ని గౌరవించడమనీ చెప్పింది. నువ్వు ఇంతగా వెతికావు కాబట్టి సాయానికి అర్హుడివయ్యావు, రోగికి వైద్యం చేసేటప్పుడు నన్ను అడుగు అంది. తర్వాత ఎత్తైన గుట్ట కొన మీద ఆయనకు తన మొదటి రాయి దొరికింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మెలకువలో అడిగితే రాళ్లు పలకలేదు. కలలో పలికింది ఒక్క రాయే, అదీ అతనికే. "లకోటాలు ప్రతి రాయిలోనూ దేవుణ్ని చూస్తారు" అన్న మాట ఇక్కడే దెబ్బతింటుంది. ఏ రాయి, ఎవరికి, ఏ కల ద్వారా అన్నదే అసలు ప్రశ్న. ఆ బంధం లేనివాడికి అదే రాయి చేతికిచ్చినా అతనికది వట్టి రాయే. బంధం ఉన్నవాడికి బాధ్యతలూ ఉంటాయి. జీవితమంతా రాళ్లు కోరినట్టే నడుచుకున్నాననీ, కష్టాల్లో అవి తనను ఆదుకున్నాయనీ బ్రేవ్ బఫెలో చెప్పుకున్నాడు. భక్తి కంటే మాట ఇచ్చి నిలబెట్టుకోవడం లాంటిది ఆ సంబంధం.

ఆయన ఇంకా ముందుకు వెళ్తాడు. ఈ రాళ్లు భూమిలో పాతుకుని ఉండవు, ఎత్తైన గుట్టల మీద దొరుకుతాయి. సూర్యుడిలా, చంద్రుడిలా గుండ్రంగా ఉంటాయి. గుండ్రంగా ఉన్నవన్నీ ఒకదానికొకటి బంధువులే. ఒకే స్వభావం ఉన్నవి క్రమంగా ఒకేలా కనిపించడం మొదలుపెడతాయి, ఈ రాళ్లు చాలా కాలంగా అక్కడ సూర్యుణ్ని చూస్తూ పడి ఉన్నాయి. ఏటి ప్రవాహంలో అరిగి గుండ్రబడే రాళ్లు ఎన్నో ఉంటాయనీ, తనవి నీళ్లకు దూరంగా ఎండకూ గాలికీ మాత్రమే ఉన్నవనీ ఆయన జాగ్రత్తగా విడదీస్తాడు. పిడుగుతో పాటు ఈ రాళ్లు ఆకాశం నుంచి దిగుతాయని కొందరంటారు, నేను అలా అనుకోను, నేల మీదున్న రాయిని పిడుగు లోపలికి దిగగొడుతుంది అంటాడు. చూశారా, ఆ తరంలోనే అభిప్రాయ భేదం ఉంది. "లకోటాలు ఇలా నమ్ముతారు" అని ఒక్క వాక్యంలో తేల్చేవాళ్లు ఈ ముసలాయన్ని చదివి ఉండరు.

ఇలాంటి రాళ్లను పక్షుల నూగుటీకల్లో చుట్టి దాచుకునేవారు. బైసన్ (అమెరికా అడవిదున్న) మందలు ఎటున్నాయో, దూరం వెళ్లినవాళ్లు ఎలా ఉన్నారో తెలుసుకోవడానికి రాయిని "పంపేవారు". అది తిరిగొచ్చాక యజమాని దాన్ని అడిగి తెలుసుకునేవాడు. యుద్ధానికి వెళ్లేవాళ్లు ఒంటి మీద పెట్టుకునేవారు. క్రేజీ హార్స్‌కు అలాంటి రాయినిచ్చింది హార్న్ చిప్స్ అనే వైద్యుడు. తూటా తగలకుండా కాపాడుతుందని దాని మీద నమ్మకం. క్రేజీ హార్స్ నిజంగానే యుద్ధంలో చావలేదు. 1877 సెప్టెంబరులో ఫోర్ట్ రాబిన్సన్‌లో, లొంగిపోయిన తర్వాత, పెనుగులాటలో బాయొనెట్ పోటుకు చనిపోయాడు.

హార్న్ చిప్స్ పేరు ఇంకో తంతుతో కూడా ముడిపడి ఉంది. దాని పేరు యువీపీ. ఆ మాటకు చుట్టి కట్టేయడం అని అర్థం. రాత్రిపూట ఇంట్లో కిటికీలన్నీ మూసి, వెలుతురు చుక్క కూడా రాకుండా చేస్తారు. వైద్యుడి చేతులు వెనక్కి కట్టి, తల నుంచి కాళ్ల దాకా దుప్పటి చుట్టి, పైన తాడు బిగించి, బోర్లా పడుకోబెడతారు. దీపం ఆర్పుతారు. డప్పు మొదలవుతుంది, పాటలు మొదలవుతాయి. చీకట్లో గిలక్కాయలు గాల్లో తిరుగుతున్నట్టు చప్పుడు, అక్కడక్కడా నిప్పురవ్వలు. దీపం వెలిగించేసరికి వైద్యుడు కట్లు విప్పుకుని కూర్చుని ఉంటాడు. ఆత్మలు వచ్చి కట్లు విప్పాయనీ, రోగం సంగతి చెప్పి వెళ్లాయనీ నమ్మకం.

ఆ గిలక్కాయల్లో ఉండేవి చిన్న గాజులాంటి రాళ్లు. వాటిని చీమల పుట్టల మీద ఏరతారు. చీమలు నేల లోపలి నుంచి ఒక్కొక్క గింజా పైకి మోసుకొచ్చి పోసినవి అవి. పైన్ రిడ్జ్ సంప్రదాయంలో వాటి లెక్క 405. పొగాకు చిటికెడు చొప్పున గుడ్డపీలికల్లో కట్టి దండగా గుచ్చే ముడుపుల లెక్క కూడా అంతే. బ్రేవ్ బఫెలో తన రాళ్లు భూమిలో పాతుకుని ఉండవన్నాడు. యువీపీ వాళ్లకు చీమలు భూమిలోంచి తెచ్చిన రాయే కావాలి. ఈ రెంటినీ కలిపి ఒక సిద్ధాంతంగా కుట్టేయాలని నాకైతే అనిపించదు.

యువీపీ రాళ్లకు పాత మాటల్లో "యువీపీ వషీచు" అనే పేరుంది. వషీచు అంటే వస్తువులో నిలిచి ఉండే శక్తి, తోడుండే ఆత్మ. ఇవాళ అదే మాటకు రోజువారీ లకోటాలో అర్థం తెల్లవాడు. ఆ మార్పు ఎలా జరిగిందన్న దాని మీద కథలు చాలా ఉన్నాయి. వాటి జోలికి ఇప్పుడు వద్దు.

ఇక ఆవిరి తాత సంగతి. లకోటాల తంతులన్నిటిలో బయటివాళ్లకు ఎక్కువ తెలిసింది ఇనీపీ. "స్వెట్ లాడ్జ్" అంటే అదే. "ని" అంటే ఊపిరి, ప్రాణం. విల్లో కొమ్మలు వంచి బోర్లించిన గిన్నెలా ఒక గుడిసె కడతారు. పూర్వం బైసన్ తోళ్లు కప్పేవారు, ఇప్పుడు టార్పాలిన్లు, దుప్పట్లు. బయట పెద్ద మంటలో రాళ్లను గంటల తరబడి ఎర్రగా కాలుస్తారు. నిప్పు చూసుకునే మనిషి ఒక్కొక్క రాయినీ జింక కొమ్ములతోనో పిచ్‌ఫోర్కుతోనో లోపలికి అందిస్తాడు. నడిమధ్య గుంటలో మొదటి కొన్ని రాళ్లను దిక్కుల్ని తలుచుకుంటూ పెడతారు. వచ్చిన రాయికి ఇంటికొచ్చిన పెద్దమనిషికి చెప్పినట్టు స్వాగతం చెబుతారు. తలుపు మూసి, చిమ్మచీకట్లో నీళ్లు పోస్తారు. బుస్సుమని లేచే ఆవిరి ఆ తాతల ఊపిరి. నాలుగు విడతలు, నాలుగుసార్లు తలుపు తెరవడం. బయటికొచ్చేటప్పుడు "మితాకుయే ఒయాసిన్" అంటారు, అంటే "అందరూ నా బంధువులే".

తంతు ఎంత పవిత్రమైనా రాయి ఎంపికలో అనుభవం కావాలి. ఏటి రాయిలో తడి దాగి ఉంటుంది, కాలిస్తే పగిలి ఎగిరిపడుతుంది. అందుకే లావా రాయికి గిరాకీ.

ఈ తంతులో రాయిని పిలిచే మాట "తుంకా". ప్రార్థనలో తాతను పిలిచే మాట "తుంకాషిలా". రెండూ ఒకదానిలో ఒకటి వినిపిస్తాయి, ప్రార్థించేవాళ్లు ఆ వినికిడిని కావాలనే వాడుకుంటారు. చెవికి "శిల" అని తగలగానే మనవాళ్లలో ఎవరో ఒకరు సంస్కృతం అమెరికా దాకా వెళ్లిందని వ్యాసం రాసేస్తారేమోనని నాకు భయం. దయచేసి వద్దు. చివరి "ల" లకోటాలో ముద్దుగా, ఆప్యాయంగా పిలవడానికి చేర్చే ప్రత్యయం, మన "తాతయ్య"లో "అయ్య" లాగా. మన శిలకూ దానికీ సంబంధం లేదు.

తుంకాషిలా అన్న పిలుపు వకాన్ తాంకాకు కూడా వాడతారు. అంటే రాయిని తాత అనడం ఏదో ముచ్చటకు పెట్టిన పోలిక కాదు. బంధుత్వమే ఈ జనానికి నీతి, చట్టం, మతం అన్నీ. వరసపెట్టి పిలిచావంటే ఆ వరసకు తగ్గట్టు నడుచుకోవాలి. తాతను పిలిచి సాయం అడగొచ్చు, తాత మీద అధికారం చలాయించకూడదు.

ఇనీపీ ఎలా పుట్టిందో చెప్పే కథల్లో ఇన్యాన్ హోక్షీ, అంటే రాతి కుర్రాడి కథ ఒకటి. అన్నదమ్ములు ఒక్కొక్కరే వేటకు వెళ్లి తిరిగిరారు. ఒంటరిగా మిగిలిన చెల్లెలు ఏడ్చి ఏడ్చి ఒక గులకరాయి మింగుతుంది. కడుపు పండి కొడుకు పుడతాడు. పెద్దవాడై మేనమామల్ని వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లను చంపి మూటకట్టిన ముసలి మంత్రగత్తెను మట్టుబెడతాడు. అప్పుడు గుడిసె కట్టి, రాళ్లు కాల్చి, ఆవిరి పెడితే మామలు ఊపిరి పోసుకుని లేస్తారు. చెప్పేవాళ్లను బట్టి వివరాలు మారతాయి. కొందరు చెప్పినదాంట్లో ఏం చేయాలో రాళ్లే ఆ కుర్రాడికి చెబుతాయి. రాయికి పుట్టినవాడు రాళ్ల ఊపిరితో చచ్చినవాళ్లను బతికించాడన్నమాట.

ఇప్పుడు సృష్టికర్త ఇన్యాన్ దగ్గరికొద్దాం. ముడి అసలు పడింది ఇక్కడే. కథ ఇది: మొదట్లో ఉన్నది ఇన్యాన్ ఒక్కడే. మెత్తగా, ఆకారం లేకుండా ఉన్నాడు. ఆయన రక్తం నీలం, శక్తులన్నీ అందులోనే. ఆ శక్తుల్ని వాడాలంటే ఇంకొకరుండాలి. అందుకని తన నుంచే తీసి, తన చుట్టూ పరిచి, భూమిని చేశాడు. ఆమె పేరు మకా. అందుకోసం ఎంత ఖర్చయ్యాడంటే నరాలు తెగి రక్తమంతా కారిపోయింది. అదే నీళ్లయింది. నీళ్లలో నిలవలేని శక్తులు పైకి లేచి నీలి ఆకాశమయ్యాయి, దాని పేరు స్కాన్. ఇన్యాన్ మాత్రం ఎండిపోయి, గట్టిపడి, శక్తి ఉడిగి రాయిగా మిగిలాడు. మనసు లేకపోవడం వల్ల కాదు, ఉన్నదంతా ఇచ్చేయడం వల్ల గట్టిపడ్డాడని ఈ కథ చెబుతోంది. రాతి గుండె అనే మన మాటకు సరిగ్గా ఎదురు.

ఇది మనకు చేరింది జేమ్స్ వాకర్ ద్వారా. ఆయన 1896 నుంచి 1914 దాకా పైన్ రిడ్జ్‌లో ప్రభుత్వ వైద్యుడు. క్షయ రోగం మీద పనిచేస్తూ అక్కడి ఆదివాసీ వైద్యుల నమ్మకం సంపాదించాడు. జార్జ్ స్వోర్డ్, ఫింగర్ లాంటి పెద్దలు ఆయనకు చాలా విషయాలు చెప్పారు. పెద్ద నాలుగు శక్తుల్లో రాయి ఒకటన్న మాట వాళ్లదే. కానీ వాళ్లు విడివిడిగా చెప్పినవాటిని వాకర్ ఒక పెద్ద పురాణంగా, మొదలూ నడకా ఉన్న కావ్యంగా అల్లాడు. 1930ల చివర్లో మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ ఆ కథల్ని సరిచూడమని ఎల్లా డెలోరియాను పంపాడు. ఆమె డకోటా మనిషి, స్టాండింగ్ రాక్‌లో పెరిగింది, భాషావేత్త. ఆమె ఊరూరా ముసలివాళ్లను అడిగింది. వాకర్ రాసిన రూపంలో ఆ కథలు తెలిసినవాళ్లు ఆమెకు దొరకలేదు.

అంటే కట్టుకథా? నేనలా అనను. ముక్కలు పెద్దలవి, కుట్టు వాకర్‌ది. పైగా కథ అక్కడితో ఆగలేదు. రోజ్‌బడ్‌లోని సింతే గ్లెష్కా విశ్వవిద్యాలయంలో లకోటా భాష నేర్పిన ఆల్బర్ట్ వైట్ హ్యాట్ ఇన్యాన్ కథను తరగతి గదిలో చెప్పేవాడు. ఆయనకు అందులో ముఖ్యం దేవుడెవరన్నది కాదు. అందరిలోనూ ఉన్నది ఆ ఒక్క రాతి రక్తమే కాబట్టి అందరూ బంధువులన్నది. కాగితం మీద అతుకులున్న కథ బతికున్న మనుషుల నోట్లో గట్టిపడింది. అయితే "అనాదిగా లకోటాలందరూ నమ్మే సృష్టి కథ" అని దానికి పట్టం కట్టడం మాత్రం తొందరపాటే. బ్రేవ్ బఫెలో రాయి తనే సృష్టికర్తనని చెప్పలేదు కదా.

ఎర్ర రాయి గురించి రెండు ముక్కలు. పవిత్రమైన చిలుం, లకోటాలో "చనుంపా", దాని తల భాగాన్ని చెక్కేది మిన్నెసోటా రాష్ట్రంలో పైప్‌స్టోన్ అనే చోట దొరికే మెత్తని ఎర్రరాతితో. అది పూర్వీకుల రక్తమని చెబుతారు. 1937లో ఆ గనులు జాతీయ స్మారకం అయ్యాయి. ఇప్పటికీ తవ్వే హక్కు ప్రభుత్వ గుర్తింపున్న తెగల సభ్యులకే. పైనున్న గట్టి క్వార్ట్‌జైట్ పొరల్ని చేతి పనిముట్లతో పగలగొట్టి కిందికి దిగాలి.

1883లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన నియమాలు వైద్యుల తంతుల్ని నేరం చేశాయి. ఆదివాసుల మత స్వేచ్ఛను కాపాడతామని చట్టం వచ్చింది 1978లో. నడుమ యువీపీ, ఇనీపీ చాటుమాటున బతికాయి. ఆ తర్వాత ఇంకో తలనొప్పి మొదలైంది: డబ్బు తీసుకుని ఆవిరి గుడిసెలు నడిపే బయటి గురువులు. 1993లో లకోటా పెద్దలు తమ ఆధ్యాత్మికతను అమ్ముకునేవాళ్ల మీద "యుద్ధం" ప్రకటిస్తూ తీర్మానం చేశారు. 2009లో ఆరిజోనాలోని సెడోనా దగ్గర ఒక సెల్ఫ్-హెల్ప్ గురువు నడిపిన గుడిసెలో వేడికి ముగ్గురు చనిపోయారు, అతనికి జైలు శిక్ష పడింది. అక్కడ రాళ్లున్నాయి, నీళ్లున్నాయి, వేడి ఉంది. తాత లేడు.

కొండల మాట ఎత్తకపోతే లెక్క పూర్తికాదు. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు సెలవుల్లో ఫొటోలు దిగే మౌంట్ రష్‌మోర్‌ను లకోటాలు "తుంకాషిలా షాక్పే" అనేవారు, అంటే ఆరుగురు తాతలు. అమెరికా అధ్యక్షుడిని కూడా లకోటాలో తుంకాషిలా అనే అంటారు. 1927 నుంచి 1941 దాకా ఆ తాతల కొండ మీద నలుగురు అధ్యక్ష తాతల ముఖాలు చెక్కారు. ఈ ఎగతాళిని ఎవరూ కావాలని చేయలేదనుకుంటాను, అయినా నొప్పి తగ్గదు. ఆ కొండ ఉన్న బ్లాక్ హిల్స్ అమెరికా ప్రభుత్వంతో కుదిరిన 1868 ఒప్పందం ప్రకారం వాళ్లవే, 1877లో లాక్కున్నారు. 1980లో సుప్రీంకోర్టు అది అన్యాయమని తేల్చి పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసింది. వాళ్లు తీసుకోలేదు. వడ్డీతో అది వంద కోట్లు దాటినా ఇంకా ముట్టుకోలేదు.

స్టాండింగ్ రాక్ ఉత్తరపు అంచున కేనన్‌బాల్ నది మిస్సోరీలో కలుస్తుంది. లకోటాలో దాని పేరుకు అర్థం పవిత్రమైన రాళ్లను చేసే నది. రెండు నీళ్లూ కలిసే చోట సుడి తిరిగి గుండ్రాళ్లు తయారయ్యేవని చెప్పుకునేవారు. ఇవి ఇసుకరాతి పొరల్లో పుట్టిన గుండ్లని భూగర్భ శాస్త్రం అంటుంది. 1950ల్లో ఆర్మీ ఇంజనీర్లు నది నోటిని మార్చి, ఓహే డ్యామ్ కట్టాక ఆ సుడి పోయింది, రాళ్లు పుట్టడం ఆగిపోయింది. 2016 ఏప్రిల్‌లో స్టాండింగ్ రాక్‌కు చెందిన లడోనా బ్రేవ్ బుల్ అల్లార్డ్ తన సొంత నేల మీద చమురు పైప్‌లైన్ వ్యతిరేక శిబిరం పెట్టినప్పుడు దానికి సేక్రెడ్ స్టోన్ అని పేరు పెట్టింది ఆ రాళ్లను తలుచుకునే. బ్రేవ్ బఫెలో రాళ్లు నీళ్లకు దూరంగా దొరికినవి. లడోనా రాళ్లు నీళ్లలోనే పుట్టాయి. ఇద్దరిదీ ఒకే రిజర్వేషన్.

ఆ రిజర్వేషన్ పేరే ఒక రాయిది. మొగుడు రెండో పెళ్లి చేసుకున్నాడని అలిగి, గుడారాలు ఎత్తేసి అందరూ బయల్దేరినా కదలకుండా బిడ్డతో కూర్చుండిపోయిన ఒక అరికరా స్త్రీ కథ అది. వెనక్కి వచ్చి చూసేసరికి ఆమె రాయయింది. తెగవాళ్లు ఆ రాయిని వదిలేయలేదు, ఎక్కడికి వెళ్తే అక్కడికి మోసుకెళ్లారు. కదలనని కూర్చున్నామె అలా ఊళ్లు తిరిగింది. 1886లో ఫోర్ట్ యేట్స్‌లో దిమ్మె మీద నిలబెట్టారు. ఇప్పుడు ఓహే జలాశయం ఒడ్డున ఉంది.